ఒకటిన్నర వేలి ఎత్తు

ఆయన్ని అందరూ నిదానం అని పిలుస్తారు. అసలు పేరు బండి కాగితాల్లో ఉంది. పోలీసులు ఆపినప్పుడు తప్ప దాన్ని ఎవరూ పైకి చదవరు. పికప్ బండిలో అద్దాలు మొయ్యడం ఆయన పని. కిటికీ అద్దాలు, షాపుల ముందు బిగించే నిలువెత్తు పలకలు, మంగలి షాపుల అద్దాలు, స్నానాల గదుల తలుపులు, ఏవైనా సరే. బండి వెనక భాగంలో గుడారంలా రెండు పక్కలకీ వాలి ఉన్న ఒక చెక్క చట్రం ఉంటుంది. అద్దాలు దానికి ఆనుకుని, మధ్యమధ్య పాత దుప్పటి ముక్కలతో, నిలబడే ప్రయాణం చేస్తాయి.

అద్దాలకి ముందు ఆయన కోడిగుడ్లు మోసేవాడు. పగిలే సరుకే ఆయన్ని వెతుక్కుంటూ వస్తుందని భార్య అంటుంది. ఎంత నిదానంగా నడుపుతాడంటే, సైకిళ్ళవాళ్ళు కూడా ఆయన్ని దాటి పోయి, ఒకసారి వెనక్కి తిరిగి చూస్తారు. కార్లవాళ్ళు హారన్ కొట్టి కొట్టి విసిగిపోయి, పక్కనుంచి పోతూ ఏదో ఒకటి అంటారు. ఆయన తల ఊపుతాడు. వాళ్ళన్న మాట ఒప్పుకున్నట్టుంటుంది ఆ ఊపు. బంధువుల ఇళ్ళల్లో ఏదైనా పనికి ఆయన్ని పిలవాలంటే ముందు రోజు టైము చెప్పమని ఒకరికొకరు సలహా ఇచ్చుకుంటారు.

భార్య ఇంట్లోనే కర్టెన్లు, సోఫా కవర్లు కుడుతుంది. ఇల్లు రెండు గదులు. ముందు గదిలో సగం కుట్టు మిషను, మిగతా సగం గుడ్డ తానులు. ఎవరైనా వస్తే ఒక తాను తీసి మరో తాను మీద పెట్టి కూర్చోబెట్టాలి.

ఇంత జాగ్రత్తగా నడిపే మనిషికి ప్రమాదం బండి ఆగి ఉన్నప్పుడు జరిగింది. మూడేళ్ళ కిందట ఒక పొద్దున బావమరిది ఫోన్ చేశాడు. పాపకి జ్వరం తగ్గడం లేదని, ఇంట్లో మరో ఆడమనిషి లేదని, అక్కని ఒకసారి దింపి వెళ్ళమని అడిగాడు. భార్య ముందు సీట్లో ఎక్కి కూర్చుంది. కూరగాయల మార్కెట్ దగ్గర ఎర్ర లైటు పడి బండి ఆగింది. ముందున్న లారీ ఏమనుకుందో ఏమో, మెల్లగా వెనక్కి రావడం మొదలుపెట్టింది. నిదానం హారన్ మీద నుంచి చెయ్యి తియ్యలేదు. వెనక్కి పోదామంటే ఆనుకుని ఇంకో బండి ఉంది. లారీ వెనక దూలం పికప్ ముందు రేకుని నలిపేసుకుంటూ లోపలిదాకా వచ్చి ఆగింది. ఆయనకి గీత కూడా పడలేదు. భార్య మోకాటి చిప్ప పగిలింది.

ఆమె లేచి తిరగడానికి చాలా నెలలు పట్టింది. బండి అంతకన్నా ముందే బాగుపడింది. అది షెడ్డునుంచి రాగానే బావమరిది వచ్చి, టేపు తీసి, ముందు భాగం కొలుచుకుని వెళ్ళిపోయాడు. అతను గేట్లు చేసే వెల్డరు. ఇనుము వాడకంలో అతనికి పిసినారితనం తెలీదు. అతను చేసిన గేటు తెరవాలంటే ఇంట్లో ఇద్దరుండాలని ఆ వీధిలో నవ్వుకుంటారు. కొన్నాళ్ళకి తోపుడు బండి మీద ఒక ఇనుప గార్డు తెచ్చాడు. చెయ్యంత లావు గొట్టాలు, వాటికి అడ్డంగా పట్టీలు, కింద ఇంజను అడుగుని కాపాడటానికి మందపాటి రేకు. నలుగురు పట్టి ఎత్తితే బండి ముందు బిగించాడు.

"ఇంక ఏనుగొచ్చి గుద్దినా నీకేం కాదక్కా," అన్నాడు.

అక్క దాన్ని చేత్తో తడిమి చూసి, లోపలికి వెళ్ళిపోయింది. కానీ ఆ వారమే, ప్రమాదం తర్వాత మొదటిసారి, బండి ఎక్కింది. గార్డు బిగించగానే బండి ముక్కు కిందికి వంగడం నిదానం చూశాడు. చూసి ఊరుకున్నాడు. బావమరిది చెమట తుడుచుకుంటూ ఆయన మొహంలోకే చూస్తున్నాడు మరి.

అలాగే రోజులు గడిచాయి. తర్వాత పట్నం చివర గుట్ట మీద కొత్త ఇళ్ళు లేవడం మొదలైంది. ఒక్కో ఇంటికీ గోడంత కిటికీలు. వాటికి అద్దాలు వేసే పని నిదానం సరుకు మోసే షాపుకి దక్కింది. ఏడాది పొడుగునా సరిపోయే పని. అందరూ సంతోషించారు.

గుట్ట మీదికి పోయే దారి ఇంకా పూర్తి కాలేదు. సగం దూరంలో రోడ్డుకి అడ్డంగా ఒక రాతి కాలువ ఉంది, వాననీళ్ళు పోవడానికి. లోతు ఎక్కువ కాదు కానీ అవతలి ఒడ్డు నిటారుగా లేచి ఉంటుంది. మొదటి రోజు నిదానం తన పద్ధతిలోనే దించాడు. ముందు చక్రాలు కాలువలోకి దిగాయో లేదో, గార్డు కింది రేకు అవతలి రాతికి తగిలి గర్రుమంది. వెనక అద్దాలన్నీ ఒక్కసారి వణికాయి. దిగి, వంగి చూశాడు. ముందుకి పోతే రేకు రాతిని తన్నుతుంది. వెనక్కి తీసి, తెచ్చిన సరుకు తెచ్చినట్టే షాపుకి తిరిగి పట్టుకొచ్చాడు. అన్నేళ్ళలో అలా ఎప్పుడూ జరగలేదు.

షాపు యజమాని పెద్దగా మాట్లాడే మనిషి కాదు. "మరి ఎత్తు బండి ఏదైనా మాట్లాడుకోమంటావా?" అని మాత్రం అడిగాడు.

"రెండు రోజులు ఆగండి. బండి ఎత్తు పెంచుతా," అన్నాడు నిదానం.

అక్కణ్ణుంచి నేరుగా మెకానిక్ షెడ్డుకి వెళ్ళాడు. ఆ మెకానిక్‌ని గొణుగుడు మేస్త్రి అంటారు. బండి కింద పడుకుని తనలో తానే మాట్లాడుకుంటాడు. సగం మాటలు బండికి, సగం బండి సొంతదారుకి. మేస్త్రి కిందికి దూరి, టార్చి వేసి చూసి, అక్కణ్ణుంచే చెప్పాడు.

"ముందు ఈ ఇనుప గేటు తీసెయ్. రూపాయి ఖర్చు లేదు."

"అది కాకుండా చెప్పు."

"అది కాకుండా ఎందుకు?"

"అది కాకుండా చెప్పవయ్యా."

మేస్త్రి కాసేపు గొణుక్కుని, బయటికి వచ్చి, గోడకి చేరబడి చెప్పాడు. ఆ బండికి ముందు వైపు స్ప్రింగులు లేవు. ఒక్కో చక్రానికీ ఒక్కో పొడుగాటి ఉక్కు కడ్డీ ఉంది, బండి అడుగున వెనక దాకా పోతుంది. చక్రం పైకీ కిందికీ ఆడినప్పుడు ఆ కడ్డీ గుడ్డ పిండినట్టు మెలితిరిగి, మళ్ళీ విప్పుకుంటుంది. ముందు బరువంతా మోసేది ఆ మెలిక. వెనక చివర ఒక బోల్టు ఉంటుంది. దాన్ని బిగిస్తే మెలిక పెరిగి బండి ముక్కు లేస్తుంది. కూలి తప్ప ఖర్చు లేదు.

"మరి అదే చెయ్యొచ్చుగా?"

"చెయ్యొచ్చు. మీద ఎంత లేపితే, కింద అంత పోతుంది. నాలుగు చోట్ల అడిగిరా. తొందరేముంది, నీకెప్పుడూ తొందర లేదు కదా," అన్నాడు మేస్త్రి.

నిదానం నిజంగానే నాలుగు చోట్ల అడిగాడు. టైర్ల షాపతను పెద్ద టైర్లు వేస్తే బండి దానంతటదే లేస్తుందన్నాడు. ఒక టైరు తెచ్చి చక్రం పక్కన నిలబెట్టి చూస్తే, స్టీరింగ్ తిప్పినప్పుడు రేకుకి రాసుకునేలా ఉంది. పైగా ముందు రెండూ మారిస్తే వెనక రెండూ మార్చాలి. విడిభాగాల షాపతను రెండు గుండ్రటి దిమ్మలు బల్ల మీద పెట్టి, వీటికన్నా చవకైన దారి లోకంలో లేదన్నాడు. అవి స్ప్రింగు నెత్తిన పెట్టే దిమ్మలు. ఆ మాట మేస్త్రితో అంటే, "నీ బండికి స్ప్రింగే లేదు, టోపీ కొని తల వెతుక్కుంటావా?" అన్నాడు. కంపెనీవాళ్ళ దగ్గర గట్టి కడ్డీలతో పూర్తి సెట్టు దొరుకుతుంది. దాని ధర విని నిదానం మంచినీళ్ళు అడిగి తాగి వచ్చేశాడు.

బావమరిది తన దారి తను చెప్పాడు. "బావా, ఇవన్నీ ఎందుకు? చక్రాలు పట్టుకున్న చోట కోసి, మధ్యలో ఇంత ప్లేటు పెట్టి అతికిస్తా. జానెడు లేపుతా. అతుకు ఊడిందో నన్నడుగు."

అతుకు ఊడితే అడగడానికి తాను ఉండాలి కదా అని నిదానం అనుకున్నాడు. పైకి మాత్రం, "చూద్దాంలే," అన్నాడు.

చివరికి బోల్టు బిగించడమే మిగిలింది. ఎంత తిప్పమంటావని మేస్త్రి అడిగితే, కాలువ దాటేంత అన్నాడు. మేస్త్రి గొణుక్కుంటూ తిప్పాడు. ఒక పక్క కొంత, మరో పక్క కొంత, మళ్ళీ మొదటి పక్క. ముక్కు లేస్తూ వచ్చింది. చూడటానికి బండి వయసు తగ్గినట్టయింది. మర్నాడు కాలువలో దింపితే కింది రేకుకీ రాతికీ మధ్య అరచెయ్యి పట్టేంత సందు. నిదానం దిగి, వంగి, ఆ సందులో చెయ్యి పెట్టి చూసుకుని ఎక్కాడు.

"మొత్తానికి కాలువ ఎక్కిందన్నమాట," అన్నాడు బావమరిది సాయంత్రం. నిదానానికి కూడా మనసు తేలికపడింది. ఎవరికీ ఏమీ చెప్పనక్కర లేకుండా పని అయిపోయింది.

కొన్ని వారాలు బాగానే నడిచింది. తర్వాత ఒక్కొక్కటే తెలిసొచ్చాయి. బండి బిర్రబిగుసుకుపోయింది. ఇంతకుముందు గతుకు వస్తే ఒకసారి ఊగి సర్దుకునేది. ఇప్పుడు గతుక్కి గతుకూ వెన్నులోకి వస్తోంది. గుంటలో చక్రం దిగినప్పుడల్లా కింద ఎక్కడో సుత్తితో కొట్టినట్టు టక్కుమంటోంది. ముందు టైర్లు ఒక అంచున గుండు గీసినట్టు నున్నబడ్డాయి. లైట్లు రోడ్డుని వదిలేసి ఇళ్ళ మేడల మీద పడుతున్నాయి. వీధి చివర మేడ మీద ఉండే ఒక పెద్దాయన కిందికి దిగి వచ్చి, "రోజూ ఏడింటికి మా ఇంట్లోకి ఏం వెతుకుతున్నావయ్యా?" అని అడిగాడు. నిదానం లైట్ల మీద సగం దాకా నల్ల టేపు అంటించుకున్నాడు.

భార్య ఒకసారి గుడ్డ కొని, షాపు అరుగు మీంచే ఎక్కి, బండిలో ఇంటికొచ్చింది. దిగేటప్పుడు కాసేపు తలుపు పట్టుకుని నిలబడిపోయింది. ఏమైందంటే ఏం లేదంది.

ఆ తర్వాత డాన్సు నేర్పే బడికి అద్దం దింపాల్సి వచ్చింది. గోడంత అద్దం, ఒకే పలక. రోడ్డు శుభ్రంగా ఉంది. బడి ఇంకో మలుపులో ఉందనగా ఒక చిన్న స్పీడ్ బ్రేకరు. నిదానం దాదాపు ఆగిపోయి ఎక్కించాడు. ముందు చక్రాలు దిగగానే ఆ టక్కు వినిపించింది, దాని వెంటే వెనక నుంచి మరో శబ్దం, చాలా చిన్నది, వేలు విరిచినట్టు. ఆయన బండి పక్కకి తీసి ఆపాడు. వెనక్కి వెళ్ళి చూస్తే అద్దం మీద ఒక మూల నుంచి ఎదుటి మూలకి సన్నటి గీత.

డాన్సు టీచరమ్మ గోడకి సున్నం వేయించి, పిల్లల్ని పక్కకి జరిపి, ఎదురుచూస్తోంది. ఆమెకి చెప్పి, షాపుకి వచ్చి చెప్పాడు. యజమాని కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"పోనీలే. అద్దాలన్నాక పగులుతాయి," అన్నాడు.

ఆ మాట ఆయన మిగతా డ్రైవర్లందరితో అంటాడు. నిదానంతో అనడం అదే మొదలు. తిట్టినా బాగుండేదని నిదానానికి అనిపించింది.

మేస్త్రి బండి కింద పడుకుని, ఈసారి ఆయన్ని కూడా పక్కన పడుకోమన్నాడు. ఇద్దరూ నూనె మరకల గోనెసంచుల మీద వెల్లకిలా పడుకుని చూశారు. చక్రాన్ని మోసే ఇనుప చెయ్యి కిందికి దిగగలిగినంతా దిగిపోయి, చివర అడ్డుకునే రబ్బరుకి ఆనుకుని ఉంది. రబ్బరు చిట్లింది.

"మునివేళ్ళ మీద నిలబడినట్టుంది నీ బండి. గుంటొస్తే కాలు ఇంకా కిందికి చాపాలి. చాపడానికి ఏం మిగిలింది? అందుకే ఆ టక్కు. ఇది ఇలాగే తిరిగితే కీళ్ళు కూడా పోతాయి," అన్నాడు మేస్త్రి.

"వదులు చేస్తే మళ్ళీ కాలువ దాటదు."

"దాటదు. ఆ గేటు..."

"ఆ మాట వద్దన్నాను కదా."

"నేను అనకపోతే దాని బరువేం తగ్గదయ్యా," అన్నాడు మేస్త్రి. అని, రెంచీ తీసుకుని బోల్టులు మునుపటి చోటికి వదులు చేసేశాడు. ఆయన్ని అడగలేదు.

ఆ సాయంత్రం భార్య తప్పు పడిన కుట్టు విప్పుతోంది. నిదానం తాను మీద తాను పెట్టి, ఎదురుగా కూర్చున్నాడు. డాన్సు బడి సంగతి అప్పటికే చెప్పాడు. ఇప్పుడు బండి కింద చూసిందంతా చెప్పాడు, చేత్తో ఆ మెలికా అదీ చూపిస్తూ. గార్డు దగ్గరికి వచ్చేసరికి నీళ్ళు నమిలాడు.

ఆమె దారం తెంపి అడిగింది. "అది తీసేస్తే లేస్తుందా?"

"కొంత లేస్తుంది. కింద ఆ రేకు కూడా ఉండదు కదా."

"ఈ సంగతి మేస్త్రి ఎప్పుడు చెప్పాడు?"

"మొదటి రోజే."

ఆమె పనంతా ఆపేసింది. "మొదటి రోజే చెబితే, ఆ టైర్లూ దిమ్మలూ అని ఊరంతా తిరిగారా?"

"నువ్వు భయపడతావని."

"భయమే. అది లేకపోతే భయమే, ఉన్నా భయమే," అందామె. "ముందు ఏ బండి కాస్త వెనక్కి జరిగినా నా కాళ్ళు ముడుచుకుపోతాయి. మీరు రోడ్డు చూస్తుంటారు, మీకు తెలీదు. తీసెయ్యండి. తీసేశాక నేను కొన్నాళ్ళు బస్సులో పోతా. దానికేమీ అనుకోకూడదు."

"అనుకోను."

"తమ్ముడికి మాత్రం మీరే చెప్పాలి. నేను చెబితే ఏడుస్తాడు."

"నేను చెబితే?"

"అలుగుతాడు. అలక ఎప్పటికైనా తీరుతుంది."

బావమరిది వెల్డింగ్ షాపు రోడ్డు పక్కన రేకుల పాక. నిదానం వెళ్ళేసరికి అతను ఒక మెట్ల రెయిలింగుకి పువ్వులు అతికిస్తున్నాడు. నిప్పురవ్వలు ఆగేదాకా ఆయన బయటే నిలబడ్డాడు. తర్వాత పాప చదువు అడిగాడు, కరెంటు సరిగా ఉంటోందా అని అడిగాడు, రెయిలింగు ఎవరిదని అడిగాడు. బావమరిది మొహానికున్న ముసుగు పైకెత్తి, "బావా, ఏంటో చెప్పు," అన్నాడు.

చెప్పాడు.

"దానికేమైంది? తుప్పు పట్టిందా? అతుకు ఊడిందా?"

"దానికేం కాలేదు. బండే మొయ్యలేకపోతోంది."

బావమరిది చేతిలో ఉన్న ఇనుప పువ్వుని ఇటూ అటూ తిప్పాడు. "ఆ రోజు నేను ఫోన్ చెయ్యకపోతే అక్క ఇంట్లోనే ఉండేది," అన్నాడు.

నిదానం ఈ మూడేళ్ళలో ఆ సంగతి అలా ఎప్పుడూ ఆలోచించలేదు. లారీ డ్రైవరు గురించి ఆలోచించాడు, వెనకున్న బండి గురించి ఆలోచించాడు, ఇంకొంచెం ముందే ఆగి ఉంటే అని కూడా అనుకున్నాడు. ఫోన్ చేసిందెవరన్నది ఆయన మనసులోకే రాలేదు.

"పిల్లకి జ్వరమొస్తే ఫోన్ చెయ్యక ఏం చేస్తావు?" అన్నాడు.

బావమరిది పువ్వుని రెయిలింగు మీద పెట్టాడు. ముసుగు దించుకుని మళ్ళీ మిషను వేశాడు. నిప్పురవ్వలు మళ్ళీ లేచేసరికి నిదానం వచ్చేశాడు.

అలక కొన్నాళ్ళు సాగింది. ఫోన్ ఎత్తలేదు, ఇటువైపు రాలేదు. ఈలోగా షాపు యజమాని గుట్ట సరుక్కి వేరే ఎత్తు బండి మాట్లాడుకున్నాడు. నిదానానికి పట్నం లోపలి పని మాత్రం మిగిలింది. ఆయన గార్డు జోలికి పోలేదు. తానే విప్పేసుకోవచ్చు కదా అని మేస్త్రి అంటే, బిగించినవాడే విప్పాలన్నాడు.

ఒక ఆదివారం పొద్దున బావమరిది గ్రైండరు సంచీలో వేసుకుని, మేస్త్రిని వెంటబెట్టుకుని వచ్చాడు. తిన్నగా వెళ్ళి బండి ముందు కూర్చున్నాడు. బోల్టులు తుప్పుతో బిగుసుకుపోయి రెంచీకి లొంగలేదు. ఒక్కొక్కటీ కోసేశాడు. చివరిది తెగే ముందు నిదానం, మేస్త్రి చెరో పక్కా పట్టుకున్నారు. బరువు చేతుల మీదికి వచ్చేసరికి ముగ్గురి మెడల మీదా నరాలు లేచాయి. ఎలాగో నేల మీద పెట్టి తలెత్తి చూస్తే బండి ముక్కు పైకి లేచి ఉంది. మేస్త్రి కోత మొదలవకముందే చక్రం మీది సందుని వేళ్ళతో కొలుచుకుని పెట్టుకున్నాడు. మళ్ళీ వేళ్ళు పెట్టి చూశాడు.

"ఒకటిన్నర వేలు," అన్నాడు. "ఇన్నేళ్ళకి కుంగిన కుంగుడు ఇంకో అర వేలు ఉంటుంది. బోల్టుని అంతవరకే తిప్పుతా. ఆపైన నన్నడగొద్దు."

గార్డుని వెల్డింగ్ షాపుకి తీసుకుపోయాక బావమరిది దాన్ని ఇనుము తూచే కాటా మీద పెట్టాడు. ముల్లు చూసి, అక్కకి ఫోన్ చేశాడు.

"అక్కా, నీ బరువెంత?"

"ఎందుకురా?"

"ఊరికే. చెప్పు."

చెప్పినట్టుంది. అతను ఫోన్ పెట్టేసి నిదానం వైపు తిరిగాడు. "నీ పెళ్ళాం కంటే బరువుంది బావా ఇది. ఇన్నాళ్ళూ ఇంకో మనిషిని బంపరుకి కట్టుకుని తిరిగావు, ఒక్క మాటైనా అనలేదేం?" అన్నాడు. అలక తీరింది అక్కడే.

బండి కాలువ దాటింది. ఇదివరకటి అరచెయ్యంత సందు ఇప్పుడు లేదు. తిన్నగా దింపితే కొంచెం భయమే. అందుకని నిదానం ఏటవాలుగా దింపడం నేర్చుకున్నాడు. ముందు ఒక చక్రం, అది అవతల ఎక్కాక రెండోది. బండి మళ్ళీ ఊగి సర్దుకుంటోంది. అద్దాలు చట్రానికి ఆనుకుని మాట్లాడకుండా వస్తున్నాయి. లైట్ల మీది నల్ల టేపు ఊడబీకాడు. అయితే గుట్ట మీది పనంతా తిరిగి రాలేదు. ఆ ఎత్తు బండివాడు కుదురుకున్నాడు, సరుకు సగం అతనిదే అయింది.

భార్య అన్నట్టుగానే బస్సులో తిరిగింది. గుడ్డల మూట మోసుకుని బస్టాపులో నిలబడి ఉన్న ఆమెని ఆయన ఒకట్రెండుసార్లు దారిలో చూశాడు. మొదటిసారి ఆపబోయి మానుకున్నాడు. రెండోసారి హారన్ చిన్నగా కొట్టాడు. ఆమె చెయ్యి ఊపింది.

వానలు వెనకబట్టాక గుట్ట మీద ఒక ఇంటావిడ, అద్దాలు దింపుతున్న నిదానాన్ని, ఇంత పెద్ద కిటికీలకి కర్టెన్లు కుట్టేవాళ్ళెవరైనా తెలుసా అని అడిగింది. ఆయన ఇంటికొచ్చి ఆ మాట చెప్పాడు. గుట్ట మీదికి బస్సు లేదన్న సంగతి చెప్పలేదు. ఆమెకి తెలుసు.

మర్నాడు ఆమె టేపు మెడలో వేసుకుని వచ్చి బండి తలుపు దగ్గర నిలబడింది. ఎక్కబోయింది. కాలు అందలేదు. ముక్కుతో పాటు తలుపు కూడా లేచింది, ఆ మోకాలు అంత మడవడానికి ఒప్పుకోలేదు.

"గార్డు ఉంటే కూర్చోడానికి భయం లేదన్నారు, గార్డు తీస్తే ఎక్కడానికే లేదు," అంది. కోపమో నవ్వో ఆయనకి తెలియలేదు. ఇంట్లోంచి కుట్టు మిషను ముందుండే చిన్న బల్ల తెచ్చి వేశాడు. దాని మీద కాలు పెట్టి ఎక్కింది. బల్ల వెనక్కి ఎక్కించాడు, దిగేటప్పుడు కావాలి కదా.

ఇది విని బావమరిది ఆ వారంలోనే ఒక మెట్టు చేసి తెచ్చాడు. తలుపు కింద బిగించాడు. కాలువలో తగలకుండా పైకి మడిచి పెట్టుకునేలా దానికి ఒక బందు కూడా పెట్టాడు. మేస్త్రి దాన్ని చేత్తో ఎత్తి చూసి, "ఇంత తేలిగ్గా చెయ్యడం నీకు ఎప్పణ్ణుంచి వచ్చు?" అన్నాడు. బావమరిది మొహం మాడ్చుకున్నట్టు పెట్టాడు కానీ సంతోషించాడు.

మొదటి రోజు మాత్రం బల్లతోనే వెళ్ళారు. దారిలో రెండుచోట్ల ముందు బండ్లు ఆగాయి. ఆమె కాళ్ళు దగ్గరికి లాక్కోవడం నిదానం ఈసారి చూశాడు. మధ్యలో ఒక బండి పట్టేంత దూరంలోనే ఆగాడు. వెనకవాళ్ళు హారన్ మోగించారు. కాలువ వచ్చినప్పుడు ఆమె కిటికీ పైన ఉన్న పట్టీ పట్టుకుంది. బండి ఒక పక్కకి ఒరిగి, రెండో పక్కకి ఒరిగి, ఎక్కింది.

"ఇంతేనా?" అంది.

"ఇంతే."

ఆ ఇంట్లో కిటికీ నేల నుంచి కప్పు దాకా ఉంది. ఆయన మోసుకొచ్చిన అద్దమే, ఇంకా షాపు చీటీ అంటించి ఉంది. ఆమె టేపు ఒక కొస ఆయనకిచ్చి ఆ మూలకి పొమ్మంది. ఆయన వెళ్ళి గోడకి ఆనించి పట్టుకున్నాడు. ఆమె ఇటు చివర కొలత చదివి, నమ్మకం కుదరక, ఇంకోసారి సరిగ్గా పట్టుకోమంది. ఇంటావిడ పక్కనే నిలబడి, ఎన్ని రోజుల్లో ఇస్తారని అడిగింది. గుడ్డ దొరకడాన్ని బట్టి అని చెప్పి ఆమె రెండో కిటికీ దగ్గరికి నడిచింది. ఆయన టేపు చుట్టుకుంటూ వెనకే వెళ్ళాడు.